మిస్‌క్యారేజ్‌కు తెలుగులో ఏ మాట ఎక్కడ?

దేవరకొండ అనువాదం:
సెలవు దరఖాస్తు నమూనా ఒకటి తెలుగులోకి మారుస్తున్న. అందులో ‘మిస్‌క్యారేజ్’ అని ఉంది. డిశ్చార్జ్ కాగితాల మీదనేమో ‘స్పాంటేనియస్ అబార్షన్’ అని రాస్తున్నరు. అబార్షన్ అంటే తీయించుకున్నట్టే కదా? ‘మిస్‌క్యారేజ్ ఆఫ్ జస్టిస్’కు ఏం రాయాలె?

లేబర్ రూమ్ సిస్టర్:
కాదండీ. డాక్టర్ల లెక్కలో దానంతట అది పోయినా, తీసేసినా అబార్షనే. ‘స్పాంటేనియస్’ అంటే దానంతట అదే పోయిందని. ‘ఇండ్యూస్డ్’ అనో ‘ఎంటీపీ’ అనో ఉంటేనే తీయించినట్టు. ‘మిస్డ్’ అంటే లోపల గుండె ఆగింది గానీ ఇంకా బయటికి రాలేదు. ‘థ్రెటెన్డ్’ అంటే రక్తం కనబడుతోంది, కడుపు మాత్రం ఉంది. దాన్ని ‘గర్భస్రావమైంది’ అని మారిస్తే ఘోరం.

ఓపీ చీటీ మీద ‘జీ3 పీ1 ఎల్1 ఏ1’ అంటే ఇది మూడో కడుపు, కాన్పు ఒకటి, బతికున్న బిడ్డ ఒకరు, అబార్షన్ ఒకటి. ఆ ‘ఏ’ని బట్టి పోయిందో తీయించారో తెలియదు. అత్తగారింట్లో పంచాయితీలు ఈ ఒక్క అక్షరం దగ్గరే మొదలవుతాయి. ఇంటి మాటల్లో తేడా స్పష్టం: ‘కడుపు పోయింది’, ‘కడుపు తీయించుకుంది’.

కోర్టు తర్జుమా:
దరఖాస్తులో ‘గర్భస్రావం’ రాయండి. ‘గర్భవిచ్ఛిత్తి’ తీయించినదానికి. 2025 దాకా అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం రెంటికీ జీతంతో 6 వారాల సెలవిచ్చింది, మరుసటి రోజు నుంచి లెక్క. ఆ చట్టంలో మిస్‌క్యారేజ్ అంటే 26వ వారం దాకా పోయినది. డాక్టర్లు చాలామంది 20 వారాలకే ఆ మాట ఆపి ‘స్టిల్ బర్త్’ (బిడ్డ చనిపోయి పుట్టడం) అని రాస్తారు. కాగితంలో ఒకటి, దరఖాస్తులో ఒకటి ఉంటే క్లర్కు ఫైలు పక్కన పెడతాడు. అందుకే ఎన్ని వారాలో అంకెల్లో రాయించుకోవాలి.

‘మిస్‌క్యారేజ్ ఆఫ్ జస్టిస్’కు ‘న్యాయవైఫల్యం’. మామూలు మాటల్లో ‘న్యాయం తప్పింది’. ఇంగ్లీషులో ‘మిస్‌క్యారేజ్’ను చేరాల్సిన చోటికి చేరకపోవడానికి కూడా వాడతారు, పాత రాతల్లో అందని ఉత్తరానికీ అదే. మనకు అక్కడ ‘గల్లంతైంది’ చాలు.

గోపాలమిత్ర:
బర్రెకైతే ఇవేవీ నడవవు. ‘ఈసుకపోయింది’ అంటరు. ఎన్నో నెలల పోయిందో డాక్టరుకు చెప్పాలె. 5 నెలలు దాటినంక పోతే బ్రూసెల్లా అనే అంటురోగం అనుమానం. పిండాన్ని, మాయను ఒట్టి చేతులతోని ముట్టొద్దు, మనుషులకు అంటుతది. కుక్కలకు అందకుండ లోతుగ గుంత తీసి, సున్నం జల్లి పూడ్చాలె. ఆ రోగానికి టీకా ఆడదూడలకే, 4 నుంచి 8 నెలల వయసుల, ఒక్కసారే. చూడి బర్రెకు వేయిస్తే ఆ టీకాతోనే ఈసుకపోవచ్చు.