నులిపురుగులకు, గజ్జికి వేప చాలా? లోపలికి ఇవ్వొచ్చా?

సిరిమువ్వ:
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మా పాపకి ఏడేళ్లు. రాత్రి పడుకున్నాక కింద దురద అని లేచి ఏడుస్తోంది. డాక్టరు చూసి నులిపురుగులని చెప్పి ఆల్బెండజోల్ మాత్ర రాశారు. మా అత్తయ్య మాత్రం ‘ఆ మాత్రలు పేగుల్ని పాడుచేస్తాయి, పరగడుపున మూడు రోజులు వేపాకు రసం పడితే అన్నీ పడిపోతాయి, మా పిల్లలకి అలాగే చేశాం’ అంటున్నారు. అంతవరకే అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. బాబుకి పది నెలలు. వాడికి కూడా ముందుజాగ్రత్తగా అర చెంచా వేపనూనె పట్టిద్దామంటున్నారు. ఆవిడ పిల్లల మంచి కోరే చెప్తున్నారని నాకు తెలుసు. కానీ టెన్షన్‌గా ఉంది. వేప ఎంతవరకు పనిచేస్తుంది? ఎక్కడ ఆగాలి?

నింబచ్ఛాయ:
సిరిమువ్వ గారూ, మీ అత్తయ్యగారి మాట తీసిపారేసేది కాదండి. వేపని ఆయుర్వేదం ఎన్ని వందల ఏళ్లుగానో వాడుతోంది. ఆకు, బెరడు, పువ్వు, పండు, వేరు, ఈ ఐదింటితో చేసే పంచనింబ చూర్ణం చర్మవ్యాధులకి ఇప్పటికీ వైద్యులు ఇస్తున్నారు. ‘పాతకాలపు నమ్మకం’ అనేవాళ్ల కోసం రెండు విషయాలు చెప్తాను. వేపగింజల్లో ఉండే అజాడిరాక్టిన్‌ని 1968లో శాస్త్రవేత్తలు వేరుచేశారు. అది తగిలిన కీటకం తిండి మానేస్తుంది, కుబుసం విడవలేక చస్తుంది. ఇక 1992లో అచ్చైన అధ్యయనంలో గజ్జి ఉన్న 814 మందికి వేప, పసుపు కలిపి నూరిన ముద్ద రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గింది. చర్మం మీద పురుగుని చంపగలిగింది కడుపులో పురుగుని చంపలేదా? ప్రతిదానికీ మాత్ర మింగించే ముందు మన చెట్టు వైపు ఒకసారి చూడమనే నేను అడిగేది.

సూక్ష్మదర్శిని:
ఆ చర్చ తర్వాత చేద్దాం. ముందు బాబు సంగతి.

సిరిమువ్వ గారూ, పది నెలల బిడ్డ నోట్లో వేపనూనె ఒక్క చుక్క కూడా పడనివ్వకండి. ఇది అభిప్రాయభేదం ఉన్న విషయం కాదు. మలేషియాలో చిన్నచిన్న జబ్బులకని వేపనూనె పట్టించిన పసిపిల్లలు ప్రాణాపాయంలో ఆసుపత్రికి చేరారు. దాని మీద 1981లో వైద్య పత్రికలో నివేదిక వచ్చింది. తాగిన కొన్ని గంటల్లోనే వాంతులు, మగత, ఎగశ్వాస, ఆ తర్వాత ఫిట్స్. రక్తంలో ఆమ్లం పెరిగిపోతుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, మెదడు దెబ్బతింటుంది. రేయ్ సిండ్రోమ్ అనే జబ్బుకి ఉండే లక్షణాలే ఇవీ. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. దీనికి విరుగుడు మందు లేదు, బిడ్డ తట్టుకునేదాకా లక్షణాలకి చికిత్స చేస్తూ కాపాడుకోవడమే. అర చెంచానే కదా అనిపిస్తుంది. పసివాడి ఒంటి బరువుకి అది చిన్న మోతాదు కాదు. ఇప్పటికే ఎవరైనా పట్టించి ఉంటే, వాంతి అయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సిరిమువ్వ:
పట్టించలేదండి. సీసా ఇప్పుడే తీసి దాచాను. చేతులు వణుకుతున్నాయి.

నింబచ్ఛాయ:
పసిపిల్లలకి నూనె వద్దన్న మాటకి నేనూ కట్టుబడతాను. ముందే చెప్పాల్సింది, నా పోస్టులో ఆ సంగతి వదిలేయడం తప్పే. కానీ నూనె వేరు, ఆకు వేరు. నూనె గింజ నుంచి తీసిన గాఢమైన సరుకు. దాని విషాన్ని చూపించి ఆకుని కూడా అదే గాటన కట్టేయడం న్యాయం కాదు. ఏడేళ్ల పాప సంగతేంటి?

సూక్ష్మదర్శిని:
మంచిమాట, ఆకూ గింజా ఒకటి కాదు. అయితే ఆ తేడా మీ వాదనకే అడ్డు వస్తుంది చూడండి. మీరు చెప్పిన అజాడిరాక్టిన్ ఎక్కువగా ఉండేది గింజలో. ఆకులో చాలా తక్కువ. పైగా ఎండ తగిలితే విరిగిపోతుంది. అంటే పురుగుని చంపుతుందని పేరు పడ్డ పదార్థం ఏ భాగంలో ఉందో ఆ భాగాన్ని లోపలికి ఇవ్వలేం. ఇవ్వదగ్గ భాగంలో ఆ పదార్థం అంతగా లేదు.

రెండో సంగతి. అజాడిరాక్టిన్ కీటకం కుబుసం విడిచే ప్రక్రియని చెడగొడుతుంది. నేను పరాన్నజీవుల పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. నులిపురుగులు, ఏలికపాములు, కొంకిపురుగులు కూడా కుబుసం విడిచేవే, జీవితంలో నాలుగుసార్లు. కానీ పేగులో స్థిరపడి గుడ్లు పెట్టే దశకి వచ్చిన పురుగు ఆ నాలుగూ ఎప్పుడో విడిచేసింది. ఇక విడవాల్సిన కుబుసమే లేదు. మొక్క మీద గొంగళిపురుగుకి పనిచేసే దెబ్బ, పేగులో పెద్ద పురుగుకి అదే దారిలో తగలదు. వేపలో ఇంకా చాలా పదార్థాలున్నాయి, వాటిలో ఏదైనా పనిచేయొచ్చు. అయితే అది మనుషుల్లో రుజువు కావాలి. పేగు పురుగుల మీద ఆ రుజువు లేదు. ఆల్బెండజోల్‌కి ఉంది. అది పురుగు గ్లూకోజ్‌ని పీల్చుకోకుండా అడ్డుకుంటుంది, శక్తి అందక పురుగు చస్తుంది. పేగు నుంచి రక్తంలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది. పేగుల్ని పాడుచేస్తుందన్న భయం అక్కర్లేదు.

అత్తయ్యగారి అనుభవం అబద్ధం అని కూడా నేను అనను. రాత్రుళ్లు మలద్వారం దగ్గర దురద పెట్టించే సన్నటి తెల్ల పురుగులు పిన్‌వార్మ్‌లు. అవి ఒక్కోటీ కొన్ని వారాలే బతుకుతాయి. గోళ్లలో చేరిన గుడ్లు మళ్లీ నోట్లోకి పోకపోతే వాటంతట అవే తగ్గిపోతాయి. వేపరసం ఇచ్చిన రోజుల్లో పిల్లల చేతులూ పక్కబట్టలూ కూడా ఎవరో ఒకరు శుభ్రంగా ఉంచే ఉంటారు. తగ్గింది నిజం. దేనివల్ల తగ్గిందన్నదే ప్రశ్న.

చరకవిద్యార్థి:
నేను ఆయుర్వేదం చదివి వైద్యం చేస్తున్నవాణ్ణి. ఇక్కడ సంప్రదాయం ఒకవైపు, సైన్సు ఒకవైపు అన్నట్టు మాటలు నడుస్తున్నాయి, అది నాకు బాధగా ఉంది. సంప్రదాయం ఏం చెప్పిందో ముందు చూద్దాం.

చరకసంహితలో మందుల్ని పదేసి చొప్పున గుంపులు కట్టారు. దురదని పోగొట్టే కండూఘ్న గుంపులో వేప ఉంది. క్రిములని పోగొట్టే క్రిమిఘ్న గుంపు వేరే ఉంది, అందులో వేప లేదు! అందులో ఉన్నవి వాయువిడంగాలు, మిరియాలు, వావిలి వంటివి. పేగు క్రిములకి ఆయుర్వేద వైద్యుడు మొదట తలుచుకునేది వాయువిడంగాలనే. వేపకి క్రిమిహర గుణం లేదని దీనర్థం కాదు. మందుల గుణాలు చెప్పే తర్వాతి కాలపు నిఘంటువులు, భావప్రకాశంతో సహా, ఆ గుణం చెప్పాయి. కానీ ముందు వరసలో వేపని పెట్టింది చర్మానికీ దురదకీ. ‘మన పెద్దలు కడుపులో పురుగులకి వేపే వాడారు’ అన్నంత తేలిగ్గా తేల్చేయకండి.

ఇంకొకటి. చరకుడు క్రిమి చికిత్సని మూడు భాగాలుగా చెప్పాడు. అపకర్షణం, అంటే ఉన్నవాటిని బయటికి తీయడం. ప్రకృతి విఘాతం, అంటే అవి పెరిగే పరిస్థితిని లోపల దెబ్బతీయడం. మూడోది నిదాన పరివర్జనం, దేనివల్ల వచ్చాయో దాన్ని మానేయడం. ఇంట్లో చేసే చిట్కా వైద్యం ఈ మూడింట్లో ఒక ముక్కని పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తుంది. పరగడుపున రసం పోసేస్తారు, గోళ్లు మాత్రం కత్తిరించరు. నా దగ్గరికి వచ్చే తల్లులకి నేను మొదట చెప్పేది గోళ్లూ చేతులూ పక్కబట్టల గురించే. పిల్లకి డాక్టరు ఇప్పటికే ఆల్బెండజోల్ రాసి ఉంటే వేసేయమంటాను. మా శాస్త్రానికి దానివల్ల వచ్చే అవమానం ఏమీ లేదు.

పసిబిడ్డకి వేపనూనె లోపలికి ఇవ్వమని నేను చదువుకున్న చోట ఎవరూ నేర్పలేదు. గర్భిణులు కూడా వేపని లోపలికి తీసుకోకూడదు, ఇది చాలామందికి తెలియదు.

ముత్యాలగొడుగు:
పేల విషయంలో వేప పనిచేస్తుందండి, నా మాట నమ్మండి. మా అమ్మాయికి తల నిండా పేలు, ఈపులు. వేపనూనె వేరే నూనెలో కలిపి రాత్రి పట్టించి పొద్దున సన్నపళ్ల దువ్వెనతో దువ్వితే పేలు రాలాయి. ఈపులు మాత్రం దువ్వెనకి కూడా సరిగా రాలేదు, మళ్లీ వారానికి ఇంకోసారి చేయాల్సి వచ్చింది.

సూక్ష్మదర్శిని:
అక్కడ నాకూ అభ్యంతరం లేదు. ఈజిప్టులో వేపగింజల సారంతో చేసిన షాంపూని పేలున్న పిల్లల మీద పరీక్షిస్తే బాగా పనిచేసింది, 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. నూనె పేల ఊపిరి రంధ్రాలని కూడా మూసేస్తుంది. వారం తర్వాత మళ్లీ చేయడం సరైన పనే, అప్పటికి మిగిలిన ఈపులు పగిలి పిల్లపేలు బయటికి వచ్చి ఉంటాయి.

గజ్జి గురించి నింబచ్ఛాయ గారు చెప్పిన 814 మంది అధ్యయనం నిజమే. అయితే వాళ్లు రాసింది వేప ఒక్కటే కాదు, పసుపు కూడా ఉంది. పోల్చి చూడడానికి ఆ ముద్ద రాయని, లేదా వేరే మందు రాసిన ఇంకో గుంపు లేదు. కాబట్టి 97 శాతంలో వేప వాటా ఎంత అని దాన్నుంచి చెప్పలేం. ఆశ కలిగించే ఫలితమే, దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ గజ్జిలో అసలు కష్టం వేరు. మొదటిసారి పురుగు సోకాక దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. అంటే ఒకరు గోక్కునేసరికి ఇంట్లో మిగతావాళ్లకి కూడా అంటుకుని ఉండొచ్చు, వాళ్లకి ఇంకా తెలియదంతే. వేప రాసినా, గజ్జికి డాక్టర్లు రాసే 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాసినా, ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోకపోతే అది ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది. ‘వేప రాశాం, తగ్గలేదు’, ‘క్రీము రాశాం, తగ్గలేదు’ అనేవాళ్లలో చాలామంది దురద ఉన్నవాళ్లకి మాత్రమే రాసి ఉంటారు. పెర్మెత్రిన్ 7 నుంచి 14 రోజులకి ఇంకోసారి రాయాలి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, అది చూసి మందు పనిచేయలేదనుకోకండి.

వెన్నెలదారి:
వేప మీద కోపంతో కాదు, నా మనసులో ఉన్నది చెప్పాలని రాస్తున్నాను. మా తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. వేపబెరడు కషాయం ఇచ్చాం. మర్నాడు జ్వరం లేదు. ‘చూశావా, పనిచేసింది’ అనుకున్నాం. ఆ తర్వాతి రోజు మళ్లీ వణుకు. మళ్లీ కషాయం, మళ్లీ తగ్గింది. అలా వారం గడిచింది. రక్తపరీక్ష చేస్తే మలేరియా. రోజు విడిచి రోజు రావడం ఆ జ్వరం నడకే అని అప్పుడు తెలిసింది. తగ్గిన రోజుని మేం కషాయం ఖాతాలో వేశాం. వాడికి వైవాక్స్ రకం వచ్చింది కాబట్టి బతికి బయటపడ్డాడు, ఫాల్సిపారం అయితే అన్ని రోజులు ఆగేది కాదన్నారు డాక్టరు. ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

నింబచ్ఛాయ:
వెన్నెలదారి గారూ, చదివి చాలా బాధేసింది. మలేరియాకి రక్తపరీక్ష ముందు, తర్వాతే ఏదైనా, ఒప్పుకుంటాను.

అయినా ఒక మాట అడగనివ్వండి. వేపలోని గెడునిన్, నింబోలైడ్ అనే పదార్థాలు ప్రయోగశాలలో ఫాల్సిపారం క్రిమిని అణిచాయి కదా. కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి ఒంటికి రాసుకుంటే మలేరియా మోసే అనాఫిలిస్ దోమలు రాత్రంతా దగ్గరికి రాలేదని 1993లో మన దేశంలోనే పరిశోధకులు రాశారు. ఇన్ని ఆధారాలున్న చెట్టుని ‘రుజువు లేదు’ అని పక్కన పెడితే, ఇక రుజువు కోసం ప్రయత్నించేదెవరు?

చరకవిద్యార్థి:
ఈ ప్రశ్న సరైనదే తమ్ముడూ, నాకూ ఉన్న బాధే. దారి మాత్రం చైనా వాళ్లు చూపించారు. తు యూయూ అనే శాస్త్రవేత్త నాలుగో శతాబ్దపు చైనా వైద్యగ్రంథంలో ఒక మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్న వాక్యం చూసింది. మరిగిస్తే మందు చెడుతోందేమోనని అనుమానించి, తక్కువ వేడిలో తీసింది. 1972లో మలేరియా మందు ఆర్టెమిసినిన్ చేతికి వచ్చింది, 2015లో నోబెల్ వచ్చింది. పాత గ్రంథాన్ని ఆవిడ ఎంతగానో నమ్మింది, అందుకే అంత కఠినంగా పరీక్షించింది. ఏ భాగం, ఎలా తీయాలి, ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఇవన్నీ తేలాకే అది మందు అయింది. వేపకి దోమల విషయంలో, పేల విషయంలో ఆ పని కొంత జరిగింది. గాజు గిన్నెలో క్రిమిని చంపిన పదార్థం మనిషి రక్తంలో చాలినంత సేపు నిలబడాలి, గెడునిన్ దగ్గర ఆ పని ఇంకా పూర్తి కాలేదు. అది తేలేదాకా మలేరియా రోగి మీద మనం ప్రయోగం చేయకూడదు.

సూక్ష్మదర్శిని:
పాప మాత్ర గురించి ఒకటి మిగిలింది. ఆల్బెండజోల్ పురుగుని చంపుతుంది, గుడ్లని నమ్మకంగా చంపదు. పిన్‌వార్మ్ అయితే రెండు వారాలకి రెండో మోతాదు ఉండాలి, మీ డాక్టరుని అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు కూడా అదే రోజు వేసుకోవాలేమో, బాబుకి ఏం చేయాలో కూడా ఆయన్నే అడగండి. గుడ్లు పక్కబట్టల మీద రెండు మూడు వారాలు బతకగలవు. మాత్ర వేసిన మర్నాడు దుప్పట్లు వేడినీళ్లతో ఉతకండి, ఉతికే ముందు మాత్రం దులపకండి, గుడ్లు గాల్లోకి లేస్తాయి.

సిరిమువ్వ:
అందరికీ చేతులెత్తి నమస్కారం. వెన్నెలదారి గారు రాసింది నిన్న రాత్రి అత్తయ్యకి చదివి వినిపించాను. మలేషియా పిల్లల సంగతి కూడా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘నేను మా పిల్లలకి ఆకు రసమే ఇచ్చాను, నూనె ఎప్పుడూ ఇవ్వలేదు, వీడికెందుకు అన్నానో’ అని బాబుని ఒళ్లోకి తీసుకున్నారు. పొద్దున పాపకి మాత్ర వేసింది ఆవిడే, గోళ్లు కత్తిరించిందీ ఆవిడే. డాక్టరుతో మాట్లాడాను, రెండో మోతాదు తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నాం, పెద్దవాళ్లం కూడా వేసుకోమన్నారు. బాబుకి ఇప్పుడేమీ వద్దన్నారు. నూనె సీసా పారేయలేదు, అటక మీద పెట్టాం. పాప తలలో పేలు కూడా కనిపించాయి మరి. ముత్యాలగొడుగు గారూ, మీరు ఎంత నూనెలో ఎంత కలిపారో కాస్త చెప్తారా?