ల్యాబ్ ప్రోగ్రాములకు మార్కులు ఆటోగ్రేడరే వేస్తే సరిపోతుందా?

కోడ్‌కాపరి: ఈ సెమిస్టర్ నుంచి మాకు పాఠాలు వీడియోల్లో, ల్యాబ్ మాత్రం కాలేజీలో. ప్రోగ్రాం అప్‌లోడ్ చేస్తే ఆటోగ్రేడర్ టెస్ట్ కేసులతో నడిపి మార్కులు వేస్తుంది. మొన్న లింక్డ్ లిస్ట్ ప్రోగ్రాంకి నాకు సున్నా! ఆన్సర్ కరెక్టే, లైన్ చివర ఒక్క స్పేస్ ఎక్కువ పడింది. ఇదేం న్యాయం?

సెమికోలన్77: అవుట్‌పుట్ ఎలా ఉండాలో ప్రశ్నలోనే ఇస్తారు. చదవకపోతే ఎవరిది తప్పు? ఆఫీసులో కంపైలర్ జాలి పడుతుందా?

ల్యాబ్‌మేడమ్: కంపైలర్ స్పేస్‌కి సున్నా వేయదు బాబూ. చివరి ఖాళీలు పట్టించుకోవద్దని గ్రేడర్‌కి చెప్పొచ్చు. ఐఐటీల ఆన్‌లైన్ ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో అయితే ఇలాంటిదాన్ని ప్రజెంటేషన్ ఎర్రర్ అని చూపిస్తూనే పాస్ చేస్తారు. నా బాధ వేరు. రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకునేలా రాయమంటే, లూప్‌తో రాస్తారు. అవుట్‌పుట్ ఒకటే కాబట్టి పదికి పది.

వెనకబెంచి: ఎన్‌పీటీఈఎల్‌లో అసైన్‌మెంట్లకి 25, సెంటర్లో రాసే పరీక్షకి 75. ల్యాబ్ మార్కులకి ఇంత టెన్షన్ ఎందుకు?

కోడ్‌కాపరి: మాది ఎన్‌పీటీఈఎల్ కాదు. ఇక్కడ ఇంటర్నల్స్ పోతున్నాయి. ఒక్క స్పేస్‌కి!

సెమికోలన్77: ఇదేం కొత్తది కాదు. 1960లోనే అమెరికాలోని రెన్సెలేర్ ఇన్‌స్టిట్యూట్‌లో హాలింగ్స్‌వర్త్ అనే ఆయన పంచ్ కార్డులపై రాసిన స్టూడెంట్ల ప్రోగ్రాములను ఇంకో ప్రోగ్రాంతో దిద్దించాడు. అరవై ఏళ్లుగా నడుస్తున్నదానికి ఇప్పుడు ఏడవడం ఏంటి?

కోడ్‌కాపరి: ఏడుస్తున్నది ఎవరండీ? మార్కులు పోయింది మీకు కాదుగా.

భ్రమరి: నాకు పోయాయి, గ్రేడర్ లేని రోజుల్లోనే. మా సార్ నా ప్రోగ్రాం నడిపి కూడా చూడలేదు. రికార్డులో చేతిరాత బాగాలేదని పదికి ఆరు వేశారు. ఆయనకి తెలిసినవాళ్ల పిల్లలకి మాత్రం తొమ్మిదికి తగ్గలేదు. నేను ఎవరి అమ్మాయినో ఆటోగ్రేడర్‌కి తెలియదు. నాకదే చాలు.

ల్యాబ్‌మేడమ్: అందరినీ ఒకే గాటన కట్టకమ్మా. ఇదివరకు ల్యాబ్‌లో ఇద్దరం ఉండేవాళ్లం. గ్రేడర్ వచ్చాక “దిద్దే పని లేదుగా” అని ఒకరిని తీసేశారు. ఇప్పుడు 66 మందికి నేనొక్కదాన్నే. పాయింటర్ ఎవరికి అర్థం కాలేదో దిద్దుతున్నప్పుడే కదా తెలిసేది!

సెమికోలన్77: అది మేనేజ్‌మెంట్ తప్పు, గ్రేడర్‌ది కాదు.

ల్యాబ్‌మేడమ్: ఆ లెక్క వేసుకునే కదా దాన్ని తెచ్చింది! సరే, అవుట్‌పుట్‌కి ఆరు మార్కులు గ్రేడర్ వేయనీ. నాలుగు వైవాలో మేం వేస్తాం.

భ్రమరి: నాకు పోయినవి సరిగ్గా ఆ నాలుగే మేడమ్. మీరు పక్కన కూర్చుని చెప్తానంటే సంతోషం. మార్కులు మాత్రం మీ చేతికి ఇవ్వొద్దనే అంటాను.

ల్యాబ్‌మేడమ్: నన్ను చూడకుండానే?

భ్రమరి: మా సార్‌ని చూశాను కదా మేడమ్.

వెనకబెంచి: పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

కోడ్‌కాపరి: స్పేస్ తీసేసి మళ్లీ అప్‌లోడ్ చేశా. ఇంకా రెండు హిడెన్ కేసులు (మాకు చూపించని టెస్టులు) పోతున్నాయి. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని మధ్యలోనే ఆగిపోతోంది.

సెమికోలన్77: 😄

ల్యాబ్‌మేడమ్: లిస్ట్ ఖాళీగా ఉంటే ఏం చేయాలో రాశావా? అప్పుడు లిస్ట్ మొదలుని చూపే హెడ్ నల్ అయి ఉంటుంది, అంటే దేన్నీ చూపదు. కోడ్ ఇక్కడ పెట్టు, చూస్తా.