దుష్యంతుడు మరిచిపోయాడా, మరిచినట్టు నటించాడా?

బేఏరియా బాబాయ్:
మా అమ్మాయికి శకుంతల కథ చెప్తుంటే ఇంట్లో పేచీ మొదలైంది. నేను నన్నయ భారతంలో కథ చెప్పాను. రాజుకి అంతా గుర్తుంది, జనం ఏమనుకుంటారోనని "నువ్వెవరో నాకు తెలీదు" అన్నాడు. మా ఆవిడ కాళిదాసు కథ చెప్పింది. దుర్వాసుడి శాపంతో రాజు ఆమెని మరిచిపోవడం, గుర్తుగా ఇచ్చిన ఉంగరం పోవడం, అది చేప కడుపులో దొరికాక గుర్తురావడం. మా అమ్మాయి అడిగింది: "మరి ఆయన బ్యాడ్ కింగా, కాదా?" మీరేమంటారు?

తెనాలి అమ్మాయి:
ఇందులో అనుమానమేముంది? అబద్ధమే ఆడాడు. శాపం, ఉంగరం భారతంలో లేనే లేవు. తన కొడుక్కే పట్టం కట్టాలని ముందే మాట తీసుకుని గాంధర్వ వివాహానికి ఒప్పుకున్న మనిషి శకుంతల. ఆ మాటకి అడవిలో సాక్షి లేడు. ఆ ధైర్యంతోనే నిండు సభలో, కళ్లెదుట కొడుకుని పెట్టుకుని కూడా ఎరగనన్నాడు. చివరికి ఆకాశవాణి చెప్పాక "నాకు తెలుసు, లోకం నమ్మదని అలా అన్నాను" అన్నాడు. కాళిదాసు వచ్చి ఆయన్ని కాపాడాడు, అంతే.

రచ్చబండ రాజు:
వారిజాక్షులందు వైవాహికములందు... బొంకవచ్చు అన్నారు కదండీ పోతన గారు 😀

పంతులుగారి మనవడు:
రాజు గారూ, ఆ మాట పోతనది కాదు, శుక్రాచార్యుడిది. బలి చక్రవర్తి దాన్ని వినలేదు కూడా. సగం పద్యాలు ఇలాగే వాడేస్తారు.

తెనాలి అమ్మాయి గారూ, కాళిదాసు రాజుని కాపాడలేదు, మనిషి మరుపు ఎలా ఉంటుందో చూపించాడు. మరిచిపోయినవాడికి తాను మరిచిపోయానన్న సంగతి తెలీదు. ఎదుటివాళ్లకి మాత్రం అబద్ధంలానే కనిపిస్తుంది. ఇక ఆ సభలో శకుంతల చెప్పిన పద్యం చూడండి:

నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు...

వంద నూతుల కంటే ఒక బావి, వంద బావుల కంటే ఒక యజ్ఞం, వంద యజ్ఞాల కంటే ఒక కొడుకు, వంద మంది కొడుకుల కంటే ఒక సత్యవాక్యం. అబద్ధమాడుతున్నవాణ్ని "సూనృతవ్రత" (సత్యమే వ్రతమైనవాడా) అని ఎందుకు పిలుస్తుంది? అంటే ఆయన సత్యవంతుడని ఆమెకి నమ్మకం ఉంది.

తెనాలి అమ్మాయి:
అది నమ్మకం కాదు, వాత! నిండు సభలో దొంగని పట్టుకుని "దొరగారూ" అన్నట్టు. అంతకుముందే "తెలిసి తెలిసి ఎరగనని ఎందుకంటావు" అని అడిగింది కదా. అది కూడా నమ్మకమేనా?

పోరడు_కరీంనగర్:
నూతి, బావి ఒకటే గదా అన్నా? మా దిక్కు అన్నిటినీ బాయే అంటరు. వంద బావుల కంటే ఒక బావి ఎక్కువ ఎట్లయితది?

పంతులుగారి మనవడు:
మంచి ప్రశ్న తమ్ముడూ. సంస్కృత మూలంలో కూపం, వాపి అని ఉంది. కూపం అంటే చేదతో తోడుకునే నుయ్యి. వాపి అంటే మెట్లు దిగి వెళ్లి నీళ్లు ముంచుకునే దిగుడు బావి. నూతి దగ్గర చేద, తాడు ఉన్నవాడికే నీళ్లు. దిగుడు బావిలో దారిన పోయేవాడు కూడా దోసిట పట్టి తాగొచ్చు. అందుకే ఎక్కువ.

పోరడు_కరీంనగర్:
సూపర్ అన్నా. ఇది బడిల ఎవరూ చెప్పలే.

తెనాలి అమ్మాయి:
బావుల దగ్గరే ఆగిపోకండి. "గుర్తులేదు" అనేది మన ఇళ్లలో అన్నిటికంటే చవకైన అబద్ధం. ఎవరూ కాదని నిరూపించలేరు. 2003 ఉగాదికి మా నాన్న భోజనాల దగ్గర అందరి ముందూ అన్నారు, కాలవ గట్టు పక్క అరవై సెంట్లు పసుపు కుంకుమ కింద నాకేనని. మా అన్నయ్య ఉగాది పచ్చడి వడ్డిస్తున్నాడు. ఆ మాట వినగానే అతని చేతిలో గరిట నా ఆకు మీద ఆగిపోయింది, వేపపువ్వు రేక ఒకటి అంచుకి వేలాడుతోంది. ఇవాళ్టికీ కళ్లకి కడుతుంది. నాన్న పోయాక అడిగితే "అలా అన్నట్టు నాకేం గుర్తులేదమ్మా" అన్నాడు.

ప్లీడరు గుమస్తా:
నోటిమాటతో స్థిరాస్తి దానం చెల్లదమ్మా. రిజిస్టర్ దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. 1882 ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 123.

తెనాలి అమ్మాయి:
చట్టం నాకూ తెలుసు సార్. కోర్టు గురించి అడగలేదు.

పంతులుగారి మనవడు:
బాధపడకండి, ఒక మాట. కళ్లకి కట్టినంత మాత్రాన అది జరిగినట్టు కాదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజిస్టు కొందరికి కార్ల ప్రమాదం ఫిల్ము చూపించింది. కార్లు "తగిలినప్పుడు" ఎంత స్పీడులో ఉన్నాయని కొందర్ని, "గుద్దేసుకున్నప్పుడు" ఎంత స్పీడులో ఉన్నాయని కొందర్ని అడిగింది. వారం తర్వాత "పగిలిన అద్దం చూశారా?" అంటే, గుద్దేసుకున్నప్పుడు అన్న గుంపులో 50 మందికి 16 మంది చూశామన్నారు, తగిలినప్పుడు అన్న గుంపులో 50 మందికి 7 గురు. ఫిల్ములో అద్దం పగలనే లేదు! ఒక్క మాట మారిస్తే లేని గాజుముక్కలు కనిపించాయి. ఆ గరిట ఆగడం మీకు అప్పుడే కనిపించిందా, అన్నయ్య కాదన్నాక కనిపించిందా?

తెనాలి అమ్మాయి:
అంటే నేనే కల్పించుకున్నానా? బాగుంది. మరిచినవాడు కాళిదాసు నాయకుడు, గుర్తున్నది మాత్రం పిచ్చిది.

సరే, దాచను. మా మేనత్త అది ఉగాది కాదు, సంక్రాంతి అంటుంది.

పంతులుగారి మనవడు:
చూశారా! సంక్రాంతికి వేపపువ్వు ఎక్కడిది?

రచ్చబండ రాజు:
పంతులు గారూ, కొంచెం తగ్గండి. ఆమె సొంతింటి గొడవ చెప్పుకుంటోంది.

తెనాలి అమ్మాయి:
పండగ తప్పయి ఉండొచ్చు, వేపపువ్వూ తప్పయి ఉండొచ్చు. మాట తప్పు కాదు. నాన్న ఆ మాట అన్నారని మేనత్త కూడా ఒప్పుకుంటుంది. పండగ పేరు తప్పిందని పొలమే లేదంటారా? అసలు మీకెందుకండీ "గుర్తులేదు" అనేవాళ్ల మీద ఇంత ప్రేమ?

పంతులుగారి మనవడు:
ఎందుకంటే నన్నూ అలాగే అన్నారు కాబట్టి. మేనల్లుడి ఇంజినీరింగ్ ఫీజు నేను కడతానన్నానట. ఎప్పుడన్నానో, ఎక్కడన్నానో ఒట్టేసి చెప్తున్నా, నాకు గుర్తులేదు. గృహప్రవేశంలో ఇంటి నిండా చుట్టాల ముందు మా చెల్లెలు "అబద్ధాలకోరు" అంది. ముప్పై ఏళ్లు పిల్లలకి సుమతీ శతకం చెప్పినవాణ్ని. ఆరేళ్లయింది, మాటల్లేవు. నిజంగా మరిచిపోయినవాడికి ఈ లోకంలో సాక్షి ఎవరు చెప్పండి? ఉంగరం దొరకాలా?

తెనాలి అమ్మాయి:
ఫీజు కట్టారా?

పంతులుగారి మనవడు:
ఆమె అడిగిన తీరు మీరు చూడలేదు.

తెనాలి అమ్మాయి:
నేను అడిగింది ఫీజు సంగతి.

పంతులుగారి మనవడు:
కట్టలేదు. కడితే అబద్ధమాడానని ఒప్పుకున్నట్టేగా! డబ్బు లేక కాదు.

బేఏరియా బాబాయ్:
అయ్యో, నేనేదో చిన్నపిల్ల ప్రశ్న అడిగితే...

తెనాలి అమ్మాయి:
పంతులు గారూ, ఇప్పుడు అర్థమైంది మనం దేని గురించి కొట్టుకుంటున్నామో. మీరు మరిచారా, నటించారా అన్నది మీ చెల్లెలికి అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు. "నాకు గుర్తులేదు కానీ నువ్వు చెప్తున్నావు కదా, అని ఉంటానులే." ఈ మాట మా అన్నయ్య అని ఉంటే ఆ అరవై సెంట్లూ వాడికే వదిలేసేదాన్ని. వాడి మరుపుకున్న విలువ నా జ్ఞాపకానికి లేకపోయింది, అదీ నా కడుపుమంట. దుష్యంతుడు మరిచాడో నటించాడో, రెండు కథల్లోనూ శకుంతల మాట చాల్లేదు. ఒకచోట ఆకాశవాణి రావాలి, ఇంకోచోట చేప రావాలి.

ప్లీడరు గుమస్తా:
ఎవరేం చెప్పినా "అని ఉంటానులే" అనుకుంటూ పోతే రేపు ఊళ్లో సగం మంది ఆయన మీద బాకీ ఉందంటూ వస్తారు. ప్రోనోటు రాయించుకునేది ఇందుకే. దానికీ మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది.

పంతులుగారి మనవడు:
ప్లీడరు గారు చెప్పింది న్యాయం. ఊరివాళ్లని నమ్మనక్కర్లేదు. చెల్లెలి సంగతి వేరే అంటారా మీరు, తెనాలి అమ్మాయి గారూ? నేను ఇంకా ఒప్పుకోవడం లేదు. ఫీజు ఎంతో కూడా నాకు తెలీదు. వాడి చదువైపోయి ఉద్యోగంలో కూడా చేరాడని విన్నాను.

తెనాలి అమ్మాయి:
ఎంతో అడగండి. ఒప్పుకోకుండానే అడగండి.

పోరడు_కరీంనగర్:
అన్నా, మా ఊళ్ల దిగుడు బాయి పూడ్చి దాని మీద వాటర్ ట్యాంకు కట్టిన్రు. మెట్లు ఉంటుండె అని మా నాయనమ్మ అంటది, అసలు మెట్లే లేకుండె అని మా తాత అంటడు. ఇద్దర్ల ఎవర్ని నమ్మాలె?