సీనరీ అంటే నామోషీ ఎందుకు?

అనువాదకుడు

సభ్యులందరికీ నమస్కారం. చిత్రకళా చరిత్ర మీద ఒక పెద్ద వ్యాసాన్ని పత్రిక కోసం తెలుగు చేస్తున్నాను. ల్యాండ్‌స్కేప్ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆలోచించకుండా ‘ప్రకృతి దృశ్యం’ అని రాసుకుంటూ పోయాను. సగం దాకా ఏ ఇబ్బందీ రాలేదు. అక్కడ డచ్చి చిత్రకారుడు యాకోబ్ వాన్ రాయిస్‌డాల్ 1670ల తొలినాళ్లలో వేసిన ఒక చిత్రం ఎదురైంది. హార్లెమ్ ఊరి బయట మైదానం. నేల మీద బారులు బారులుగా పరిచిన నార బట్టలు. వాటిని చలువ చేస్తున్న మనుషులు చీమల్లా కనిపిస్తారు. దూరాన ఇళ్ల కప్పులు, వాటి మీదుగా లేచిన పెద్ద చర్చి. పటంలో మూడింట రెండు వంతులు ఆకాశమే, దాని నిండా మబ్బులు. మనిషి చెయ్యి పడనిది ఏదైనా ఉంటే ఆ మబ్బులే.

చాకిరేవు బొమ్మ కింద ‘ప్రకృతి దృశ్యం’ అని రాస్తే చదివేవాళ్లు నవ్వరా? మిత్రుడొకరు హిందీలో వాడుతున్నారు కదా అని ‘భూదృశ్యం’ సూచించారు. ఆ మాట వింటే నాకు భూకంపమూ భూసర్వే కార్యాలయమూ గుర్తొస్తున్నాయి. ఇంకో మాట ఏదైనా ఉందా?

బలపం

ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. నా పిల్లలెవరూ ‘ప్రకృతి దృశ్యం’ అనగా నేను వినలేదు. “సార్, సీనరీ వేయమంటారా?” అనేవారు. వేయమంటే ఊరూరా ఒకటే బొమ్మ. రెండు కొండలు, వాటి సందులోంచి సగం సూర్యుడు, కొండల మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ ఏరు, ఒడ్డున పూరిల్లు, పక్కన కొబ్బరిచెట్టు, పైన పడుకోబెట్టిన మూడంకెల్లాంటి పక్షులు. పుట్టి బుద్ధెరిగాక కొండ అనేది చూడని కోనసీమ పిల్లలు కూడా అవే కొండలు వేసేవారు. “ఈ కొండ ఎక్కడుందిరా?” అని అడిగితే “సీనరీలో ఉంటుంది సార్” అన్నాడొకడు. అంతకు మించిన నిర్వచనం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

వ్యాకరణప్రియ

మాస్టారూ, మీ శిష్యుడి మాట బాగుంది. కానీ సీనరీ ఇంగ్లీషు మాట కదా. వ్యాసంలో ఎలా రాస్తారు? ‘దృశ్యచిత్రం’ సరిపోదా?

అనువాదకుడు

వ్యాకరణప్రియ గారూ, దృశ్యం కానిది చిత్రమెలా అవుతుందండీ?

పాతపుస్తకం

కాస్త వెనక్కి వెళ్దాం. ల్యాండ్‌స్కేప్ అన్నది ఇంగ్లీషువారికీ సొంత మాట కాదు. డచ్చివారి ‘లాండ్‌స్కాప్’ నుంచి తెచ్చుకున్నారు. ఇందులో మొదటి సగం నేల. రెండో సగానికి చూపుతోనూ బొమ్మతోనూ ఏ సంబంధమూ లేదు. అది మన ‘తనం’ లాంటి ప్రత్యయం. ఇంగ్లీషులో స్నేహితుడి నుంచి స్నేహాన్ని తయారుచేసే ‘షిప్’ దానికి తోబుట్టువు. అంటే అక్షరాలా ‘నేలతనం’.

వినడానికి వింతగా ఉన్నా మనకూ ఇలాంటిదే ఒకటుంది. దొరతనం అంటే మొదట దొరకుండే గుణం. తరవాత అది పాలనకు పేరైంది. కంపెనీ కాలం కాగితాల్లో ‘దొరతనమువారు’ అంటే సాక్షాత్తూ ప్రభుత్వమే. గుణాన్ని చెప్పే ప్రత్యయం ఒక వస్తువుకు పేరై కూర్చుంది. డచ్చిలోనూ అంతే. నేలతనం కాస్తా ఒక ప్రాంతమైంది, ఇలాకా అయింది.

ఆ మాటను చిత్రకారులు తమ వృత్తిపదం చేసుకున్నారు. 1521లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఆంట్వెర్ప్‌లో ఉన్నప్పుడు యోఆకిమ్ పాటినీర్ పెళ్లికి వెళ్లాడు. తన ప్రయాణాల దినచర్యలో ఆయన్ని ‘మంచి లాండ్‌షాఫ్ట్ చిత్రకారుడు’ అని రాసుకున్నాడు. ఒక మనిషిని ఆ పనితో గుర్తించిన తొలి సందర్భాల్లో ఇదొకటి. 1530లో వెనిస్‌లో ఒక కళాభిమాని ఊళ్లోని ఇళ్లలో ఉన్న పటాలను జాబితా రాస్తూ, జోర్జోనే వేసిన తుపాను చిత్రం దగ్గర ‘చిన్న పల్లెపట్టు, తుపానుతో, జిప్సీ స్త్రీతో, సైనికుడితో’ అని నమోదు చేసుకున్నాడు. వరస చూడండి. నేల ముందు, మనుషులు తరవాత.

ఇంగ్లీషులోకి ఇది అచ్చులో వచ్చింది 1598లో. అప్పట్లో ‘ల్యాండ్‌స్కిప్’ అని కూడా రాసేవారు. అసలు విశేషం ఇక్కడుంది. వచ్చిన కొత్తలో దాని అర్థం బొమ్మ మాత్రమే. బయట కనిపించే కొండకూ పొలానికీ ఆ పేరు తరవాత పెట్టారు. పాత ఇంగ్లీషులో ప్రాంతం అనే అర్థంలో ఇలాంటి మాటే ఒకటి ఉండేది, వాడుక తప్పి పోయింది. పోయినదాన్ని చిత్రకారులు రంగుల పెట్టెలో పెట్టి సముద్రం దాటించి మళ్లీ తెచ్చారన్నమాట. నేలను దూరంగా నిలబడి ఒక చట్రంలో పెట్టి చూడటం జనం బొమ్మల్లోనే నేర్చుకున్నారని నా అనుమానం.

కనుక అనువాదకుడు గారి ఇబ్బందికి మూలం ‘ప్రకృతి’లో ఉంది, ‘దృశ్యం’లో లేదు. డచ్చి మాటలో ప్రకృతి అన్న ఊసే లేదు. వాళ్ల నేలలో చాలా భాగం సముద్రాన్ని గట్టు కట్టి తోడిపోసి సంపాదించుకున్నదే. గాలిమర, కాలవ, చలువ మైదానం లేకపోతే వాళ్లకు లాండ్‌స్కాప్ లేదు.

తెర వెనక

సీనరీని ఇంగ్లీషు మాట అని తోసేసిన వ్యాకరణప్రియ గారికి నా మనవి. మా తాతగారు నాటకాలకు తెరలు వేసేవారు. అడవి తెర, కోట తెర, వీధి తెర, దర్బారు తెర. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాల దగ్గర నేటికీ ఇలాంటి తెరలు దించుతారు, ఎత్తుతారు. ఆ తెరల సరంజామాకు ఇంగ్లీషులో పేరే సీనరీ. రంగస్థలం మీద వేలాడదీసిన రంగుల గుడ్డ అన్నది దాని మొదటి అర్థం. నిజం కొండలకూ లోయలకూ ఆ పేరు అంటుకున్నది 18వ శతాబ్దంలో. సీన్ అన్న మాట గ్రీకు ‘స్కెనె’ నుంచి వచ్చింది. అంటే గుడారం. నటులు వేషాలు మార్చుకునే చోటు.

రెండు వేల ఏళ్ల కిందటి రోమను వాస్తుకారుడు విట్రూవియస్ రంగస్థల దృశ్యాలు మూడు రకాలన్నాడు. విషాదానికి స్తంభాలూ విగ్రహాలూ ఉన్న రాజగృహాలు, హాస్యానికి మామూలు ఇళ్లు, మూడో రకానికి చెట్లు, గుహలు, కొండలు. మా తాతగారు విట్రూవియస్ పేరు వినలేదు. అయినా ఆయన పెట్టెలో ఉన్నవి అవే కోట తెర, వీధి తెర, అడవి తెర.

ఊటీ వెళ్లొచ్చినవాళ్లు “సీనరీ బాగుంది” అంటే, నీలగిరులను నాటకం తెరతో పోల్చి మెచ్చుకుంటున్నారని నాకు లోలోపల సంతోషం. పాత ఫోటో స్టూడియోల్లో తాజ్‌మహల్ తెర ముందు కుర్చీలో కూర్చున్న పెళ్లిజంటలను ఎంతమంది చూసి ఉంటారో చెప్పనక్కరలేదు.

బలపం

అయితే మా కోనసీమ కుర్రవాడు చెప్పింది నిజమే. ఆ కొండ సీనరీలోనే ఉంటుంది!

వ్యాకరణప్రియ

ఒప్పుకున్నాను. నా వైపు నుంచి ఒకటి. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం దేన్ని ఎలా వేయాలో చెబుతుంది. ఎండాకాలం వేయాలంటే సూర్యుణ్ణి పెద్దగా వేయమనదు. ఎండిన చెరువు, నీడకు చేరిన జింకలు, బురదలో కూరుకుపోయిన గేదెలు వేయమంటుంది. వానకాలానికి మెరుపు, ఇంద్రధనుస్సు, నీళ్లతో బరువెక్కిన మబ్బులు, గుహల్లో దాగిన సింహాలు. గేదెను చూసి ఎండను తెలుసుకోవాలి. పల్లెలో పుట్టినవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా?

శాకుంతలం ఆరో అంకంలో దుష్యంతుడు శకుంతల బొమ్మ వేసి, ఇంకా వేయాల్సినవి ఉన్నాయంటాడు. ఇసుకతిన్నె మీద హంసల జంటలతో మాలినీ నది, జింకలు పడుకున్న హిమాలయపు పాదాలు, నారచీరలు ఆరేసిన చెట్టు, దాని కింద మగజింక కొమ్ముకు తన ఎడమ కన్ను రుద్దుకుంటున్న ఆడజింక. ఆ చివరిది ఎంత నమ్మకమో చూడండి! కంటిని తీసుకెళ్లి కొమ్ముకు ఆనించింది. తన మీద శకుంతలకు ఉండిన నమ్మకం అలాంటిదని రాజుకు ఇప్పుడు తెలిసింది. ఆ చోటు లేకుండా ఆ మనిషి బొమ్మ పూర్తికాదు. ఇంత ఉండి కూడా ఈ రకం చిత్రానికి విడిగా పేరు పెట్టుకోలేదు మనవాళ్లు. నేలను మనుషుల నుంచి విడదీయాలని వాళ్లకు తోచి ఉండదు.

పాతపుస్తకం

ఐరోపాలోనూ విడదీయడం అంత తేలికగా జరగలేదు. పాటినీర్ పటాల్లో బండరాళ్లు ఆకాశమంత, జెరోము మునీశ్వరుడు గోరంత. పేరు మాత్రం మునీశ్వరుడిదే. 1520ల ప్రాంతంలో రేగన్స్‌బర్గ్‌లో ఆల్ట్‌డోర్ఫర్ ఒక్క మనిషీ లేకుండా డాన్యూబ్ లోయను వేశాడు. అలాంటివి అరుదు. 1667లో ఫ్రెంచి అకాడమీ తరఫున ఫెలిబియన్ అంతస్తులు కట్టాడు. పూలూ పళ్లూ గవ్వలూ వేసేవాడి కన్నా నేల వేసేవాడు మేలు, వాడికన్నా ప్రాణులను వేసేవాడు మేలు, అందరి పైనా చరిత్ర, పురాణం వేసేవాడు. పీట వేశారు గానీ పంక్తి చివర వేశారు. 1817లో చిత్రకారులను చదువుకు రోముకు పంపే ఫ్రెంచి బహుమతిలో నేల బొమ్మకూ చోటిచ్చినప్పుడు కూడా ‘చారిత్రక’ అనే తోక తగిలించారు. చెట్టు కింద పురాణ పురుషుడు ఉండి తీరాలి. 1863లో ఆ బహుమతి ఎత్తేశారు. పదకొండేళ్ల తరవాత ఫ్రెంచి చిత్రకారుడు మోనే తన సూర్యోదయ చిత్రాన్ని ప్రదర్శించాడు. అందులో రేవు, పొగమంచు, రెండు మూడు పడవలు.

చైనాలో కథ వేరు. వాళ్ల మాట ‘షాన్‌షుయీ’. షాన్ కొండ, షుయీ నీరు. ద్వంద్వ సమాసం. మన కొండాకోనా, వాగూవంకా, చెట్టూచేమా జాతిది. రెండు ముక్కలు చెబితే మిగతాదంతా దానంతటదే వచ్చేస్తుంది. చూసేవాడు, చట్రం, దృశ్యం ఏమీ లేవు ఆ మాటలో. ఐదో శతాబ్దంలో జోంగ్ బింగ్ అనే ఆయన దీని మీద ఒక చిన్న గ్రంథం రాశాడు. వయసు మీదపడి కొండలెక్కలేక, తాను తిరిగిన కొండలను ఇంటి గోడల మీద వేసుకుని, పడుకుని ప్రయాణం చేస్తున్నానన్నాడు. వాటి ముందు తంత్రీవాద్యం వాయించి కొండలు ప్రతిధ్వనించాలని కోరుకున్నాడట.

ఇది చదివినప్పుడల్లా నాకు ప్రవరుడు గుర్తొస్తాడు. ఆయనకు సిద్ధుడు కాళ్లకు పసరు పూశాడు. జోంగ్ బింగ్ గోడకు పూసుకున్నాడు. ‘అటఁజని కాంచె’ పద్యం మనందరికీ నోటికొచ్చిందే. కాంచె అన్న క్రియ మొదట్లోనే వచ్చేస్తుంది, కాంచినది శీతశైలమని తెలియడానికి నాలుగో పాదం చివరిదాకా ఆగాలి. ఈలోగా ఆకాశాన్ని ముద్దాడే శిఖరాలు, సెలయేళ్లు, మృదంగంలా మోగే అలలు, ఆ మోతకు ఆడే నెమళ్లు, ఏనుగులు తొండాలతో ఊపుతున్న చెట్లు. జోంగ్ బింగ్ కోరుకున్న ప్రతిధ్వనిని పెద్దన మృదంగం చేసి వినిపించాడు. గువో షీ అనే చైనా చిత్రకారుడు కొండను చూడటానికి మూడు దూరాలు చెప్పాడు. కింద నుంచి శిఖరానికి చూసేది, ముందు నుంచి వెనక్కి లోతుగా చూసేది, దగ్గరి కొండ నుంచి దూరపు కొండకు సమంగా చూసేది. పెద్దన పద్యం మొదటిది. శిఖరాల నుంచి మొదలుపెట్టి ఏనుగుల దాకా దిగినా, చూసే కళ్లు కిందనే ఉన్నాయి.

తెర వెనక

ముద్రణ పని చేసేవాడిగా ఒక చిన్న సందేహం. మాకు ల్యాండ్‌స్కేప్ అంటే కాగితం అడ్డం, పోర్ట్రెయిట్ అంటే నిలువు. మీ గువో షీ ఎలా వేశాడు?

పాతపుస్తకం

నిలువు. 1072లో వేసిన ‘తొలి వసంతం’ తైపే మ్యూజియంలో ఉంది. ఎత్తు 158 సెంటీమీటర్లు, వెడల్పు 108. మీ ప్రింటరు ఒప్పుకోదు.

బలపం

అనువాదకుడు గారూ, ‘నేలచిత్రం’ అంటే?

వ్యాకరణప్రియ

ముగ్గు అనుకుంటారు మాస్టారూ.

అనువాదకుడు

అందరికీ కృతజ్ఞతలు. చివరికి ఇలా చేశాను. చైనా భాగంలో ‘కొండావాగూ చిత్రాలు’ అని రాశాను. ఎంత హాయిగా అమరిందో! ఐరోపా భాగంలో ఆ శాఖ మొత్తానికి వ్యాకరణప్రియ గారి ‘దృశ్యచిత్రం’ తీసుకున్నాను, నేను వేసిన జోకు వెనక్కి తీసుకుంటూ. విడివిడి పటాలకు మాత్రం జాతిపేరు వద్దు, వాటిలో ఉన్నదే పేరు. వెతికితే హాలండు వాళ్లూ అదే చేశారని తెలిసింది. రాయిస్‌డాల్ హార్లెమ్ చిత్రాల్లాంటివాటిని ఆనాడే ‘హార్లెమ్ప్యె’ అనేవారట, అంటే చిట్టి హార్లెమ్. కాబట్టి నా పటం కింద ‘హార్లెమ్ చలువ మైదానం’ అని రాసి పంపాను. సీనరీని తెర వెనక గారి కోసం ఒక పేరాలో ఇరికించాను.

నిన్న ప్రూఫు వచ్చింది. సంపాదకులు ‘దృశ్యచిత్రం’ కొట్టేసి అన్నిచోట్లా ‘ప్రకృతి దృశ్యం’ అని దిద్దారు. ఫోను చేసి, “ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి, ఇందులో ప్రకృతి ఎక్కడుందండీ?” అని అడిగాను.

“మూడింట రెండు వంతులు మబ్బులే కదయ్యా” అన్నారాయన.