అప్‌డేట్: ఎడిసన్ నుంచి ఒక్క రోజులో డ్యాన్స్ క్లాసు, బ్రాడ్‌వే షో

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూయార్క్ వెళ్లి ఒకే రోజు డ్యాన్స్ క్లాసు, బ్రాడ్‌వేలో (అక్కడి పేరున్న పెద్ద థియేటర్లలో) ఒక షో, రెండూ కుదురుతాయా అని ఇంతకుముందు అడిగాను కదా, కుదురుతాయి. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

బుధవారం మంచిది. చాలా మ్యూజికల్స్‌కి (పాటలు, డ్యాన్సులతో సాగే నాటకాలకి) ఆ రోజు మధ్యాహ్నం 2 గంటలకే ఆట ఉంటుంది. క్లాసు 11:30కల్లా అయిపోయేది చూసుకోండి. స్నానం, బట్టలు, భోజనం కలిపి గంటన్నర పోతుంది. న్యూజెర్సీ రైలు దిగే పెన్ స్టేషన్ నుంచి సబ్‌వే ఎ, సి, ఇ రైళ్లలో థియేటర్ల దగ్గరి 42వ వీధి ఒక్క స్టాపే.

అసలు చిక్కు క్లాసు స్థాయిలో ఉంది. న్యూయార్క్ స్టూడియోల్లో 'బిగినర్' అంటే కొంత నేర్చినవాళ్లు. కాంబినేషన్ (వరుసగా చేయాల్సిన స్టెప్పులు) ఒకటి రెండుసార్లు చూపించి పాట పెట్టేస్తారు. కూచిపూడి వచ్చినవాళ్లకు తాళం సమస్య కాదు, ఎడమకీ కుడికీ తిరగడమే తికమక పెడుతుంది. కాబట్టి 'బేసిక్' అని రాసున్నదే తీసుకోండి. బయటి చెప్పులతో స్టూడియోలోకి రానివ్వరు, జాజ్ షూస్ (డ్యాన్స్‌కి వేసుకునే తేలికపాటి బూట్లు) ఉంటే మేలు.

బ్యాగు చిన్నదే తీసుకెళ్లండి, పెద్దవాటిని చాలా థియేటర్లు అనుమతించవు. షోకి ఆలస్యమైతే సీటు దాకా వెంటనే పంపరు, షోలో అనువైన విరామం దొరికేదాకా వెనకే నిలబడాలి. పెన్ స్టేషన్‌లో తిరుగు రైలు ప్లాట్‌ఫాం చివరి నిమిషాల్లోనే ప్రకటిస్తారు, బోర్డు దగ్గరే ఉండండి.