కందాయంలో (ఆస్తిపన్నులో) లైబ్రరీకి సెస్ ఉంది, పార్కుకు ఎందుకు లేదు?

కుప్పం కోడలు:
అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో కె.ఆర్.పురం వైపు థర్టీ ఫార్టీ (30 x 40 అడుగుల) సైటులో ఇల్లు కట్టుకుని 19 ఏళ్లయింది. ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గుతుందని ఎప్పుడూ ముందే కందాయం కట్టేస్తాం. రసీదులో సెస్ అని ఉంటే ఏమిటని మావారిని అడిగాను. పన్నులో ప్రతి 100 రూపాయల మీద అదనంగా ఆరోగ్యానికి 15, లైబ్రరీకి 6, బిచ్చగాళ్ల పునరావాసానికి 3 అని విడదీసి చెప్పారు. పార్కు పేరు ఎక్కడా లేదు.

మా వీధి చివర పార్కులో ఫిబ్రవరిలో బోరు మోటారు కాలిపోయింది. కార్పొరేషన్ వాళ్లను అడిగితే నిధులు వచ్చాక చూద్దామన్నారు. 14 ఇళ్ల వాళ్లం తలా 200 వేసుకుని ట్యాంకర్లు తెప్పించాం. 20 కానుగ మొక్కల్లో 9 బతికాయి. మా అత్తయ్యకు 81 ఏళ్లు. ఆవిడ భయం లేకుండా మట్టి మీద నడిచే చోటు అదొక్కటే. ఎండిన మొక్కల దగ్గర ఆగి చేత్తో తడుముతుంటే నాకు కడుపులో దేవినట్టయింది.

100కి 2 రూపాయలు పార్కు సెస్ వేస్తే మాకు ఏడాదికి 108 అవుతుంది. ట్యాంకర్‌కు వేసుకున్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. ఆ డబ్బు మా వార్డులోనే ఖర్చవ్వాలి, అంతే. మీరైతే కడతారా?

లెక్కల మాస్టారు:
కడతానమ్మా. కానీ సెస్ వేసినంత మాత్రాన పని జరగదు. లైబ్రరీ సెస్ వెనక 1965 నాటి గ్రంథాలయాల చట్టం ఉంది. అయినా వసూలైన డబ్బు గ్రంథాలయ శాఖకు చేరక బకాయిలు పడ్డాయని పేపర్లలో ఎన్నిసార్లు చదివామో! పార్కులకు 1985లో వేరే చట్టం వచ్చింది. అది స్థలాన్ని వేరే పనికి వాడకుండా కాపాడుతుంది గానీ మోటారు బాగుచేయించదు. ఆ ఖర్చు రోడ్లతో, కాలవలతో పోటీపడి మామూలు బడ్జెట్‌లోంచే రావాలి. ముందు విడి ఖాతా అడగండి. ఏ పార్కుకు ఎంత పెట్టారో గేటు దగ్గర బోర్డు మీద రాయాలని అడగండి.

బొమ్మనహళ్లి అద్దె ఇల్లు:
అక్కా, మాది రెవెన్యూ లేఅవుట్, అంటే అనుమతి లేకుండా పొలాల్ని సైట్లుగా కొట్టింది. బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) లేఅవుట్ అయితే 15 శాతం పార్కులకు, ఆటస్థలాలకు వదలాలి. ఇక్కడ సైట్లు కొట్టి అమ్మినవాళ్లు గజం కూడా వదల్లేదు. మా పిల్లలు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన క్రికెట్ ఆడుతున్నారు. సెస్ పడితే ఓనరు అద్దెలో కలిపేస్తాడు, కాబట్టి కట్టేది మేమే. ఎవరి వార్డు డబ్బు వాళ్లకే అంటే మీ పార్కు పచ్చబడుతుంది, మాకు ఏం మిగులుతుంది?

హొరమావు నుంచి:
మా చెల్లెలు సియాటిల్‌లో ఉంటుంది. అక్కడ 2014 ఆగస్టులో జనం ఓటేసి మరీ పార్కుల కోసం ఆస్తిపన్ను వేసుకున్నారు. ప్రతి 1,000 డాలర్ల ఆస్తి విలువకు 75 సెంట్లు దాటకూడదని చట్టంలోనే హద్దు ఉంది. మనల్ని కూడా అలా అడిగితే నేను సరే అంటాను. అడక్కుండా వేస్తే మాత్రం ఒప్పుకోను.

కుప్పం కోడలు:
బొమ్మనహళ్లి తమ్ముడూ, నీ మాట చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. మా వార్డుకే అన్నది తప్పు. సగం ఉన్న పార్కుల నీళ్లకు, సగం పార్కే లేని చోట స్థలం కొనడానికి అని అర్జీలో రాస్తాను. స్థలం దొరకడం కష్టమని తెలుసు, ఒక్క సైటు దొరికినా పిల్లలు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి ఇవతలికి వస్తారు.

మాస్టారూ, బోర్డు సంగతి మొదటి పేరాలోనే పెడతాను. అర్జీ తెలుగులో రాసుకున్నాను గానీ ఇవ్వాల్సింది కన్నడలో. నాకు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఆదివారంలోపు ఎవరైనా రాసిపెడతారా? 14 ఇళ్ల సంతకాలు నేను తీసుకుంటాను.