మందస కొండ దగ్గర విరిచిన కొమ్మ: కొండ తులసేనా, సీర్ణ తులసా?

మందస కుర్రోడు:
పోయిన ఆదివారం కార్తీక వనభోజనాలకని మందస దాటి మహేంద్రగిరి వైపు వెళ్లాం. జీడితోటలు అయిపోయి కొండ మొదలయ్యే చోట, నా భుజమెత్తున ఒక మొక్క గుబురుగా పెరిగి ఉంది. ఆకు నలిపితే ఘాటు వాసన, చేయి కడుక్కున్నా పోలేదు. కాడ నాలుగు పలకలు, ఆకులు ఎదురెదురుగా, ఒళ్లంతా నూగు, చిన్న చిన్న ఊదా పూలు. అంతకు వారం ముందు సంతలో ఒక సవర తాత ఇలాంటి వాసనే వచ్చే కట్టలు అమ్ముతూ "కొండ తులసి" అన్నాడు. సరే అదే కదా అని ఒక కొమ్మ విరిచి ఇంటికి తెచ్చాను. అమ్మ కళ్లకద్దుకుని, క్షీరాబ్ది ద్వాదశికి తులసికోటలో గుచ్చేసింది. మావయ్య చూసి "కలుపు మొక్కకి పూజేటి అప్పా, అది సీర్ణ తులసి" అని ఒకటే నవ్వు. ఫోన్‌లో యాప్‌కి చూపిస్తే ఒకసారి పుదీనా అంది, ఇంకోసారి లాంటానా అంది. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. తేల్చండి.

పలాస జీడిరైతు:
మీ మావయ్యే గెలిచాడు. వానలు పడ్డాక మొలుస్తుంది, దసరా నాటికి నడుము దాటుతుంది, మేకలు కూడా ముట్టవు. ఎండల్లో పుల్లల్లా ఎండి నిలబడిపోయి జీడిపిక్కలు ఏరడానికి అడ్డం. మా నాన్న పిచ్చి తులసి అనేవాడు. దానివల్ల నాకు దక్కిన లాభం ఒక్కటే, సాయంత్రం పశువుల సాలలో పొగేస్తే దోమలు కాస్త తగ్గుతాయి.

వనమూలిక:
తులసి కాదని అంత తేలిగ్గా ఎలా అంటారండీ? మా తాత మూడు ఊళ్లకి మందిచ్చేవాడు. ఆయన నాకు నేర్పిన గుర్తులు మూడు. కాడ పలకలుగా ఉండాలి. ఆకు నలిపితే వాసన ముక్కుకి ఎక్కాలి. గింజలు నీళ్లలో వేస్తే సబ్జా గింజల్లా జిగురు కట్టి ఉబ్బాలి. ఈ మొక్క గింజలు నేను నానబెట్టి చూశాను, చక్కగా ఉబ్బాయి. ఇంకేం కావాలి? మనకి పనికిరాని ప్రతిదానికీ కలుపు అని పేరు పెట్టి పీకెయ్యడం అలవాటైపోయింది.

బోటనీ మాస్టారు:
వనమూలిక గారూ, మీ మూడు గుర్తులూ నిజమే. కానీ వాటితో తులసి దొరకదు.

నల్లేరు కాడకీ నాలుగు పలకలే, అది ద్రాక్ష కుటుంబం. లాంటానాకి పలకల కాడ, ఎదురెదురు ఆకులు, నలిపితే ఘాటు, అన్నీ ఉన్నాయి. పాపం యాప్ అక్కడే బోల్తా పడింది. నేలవేము అయితే ఇంకో మెట్టు పైన. దాని పువ్వుకి తులసి పువ్వులాగే రెండు పెదవులు కూడా ఉంటాయి, అయినా అది అడ్డసరం కుటుంబం. నేలవేము కాయ ఎండితే రెండు చెక్కలుగా పగులుతుంది. తులసి, తుమ్మి, రణభేరి లాంటి మూలికల్లో అలాంటి కాయే ఉండదు. పువ్వు రాలాక దాని కింద మిగిలే ఆకుపచ్చ రక్షకపత్రాల గిన్నె అడుగున నాలుగు బుల్లి గింజలు విడివిడిగా కూర్చుంటాయి. కొన్నిట్లో రెండే పండుతాయి. గిన్నె విప్పి చూస్తే కుటుంబం తేలుతుంది.

అన్నట్టు ఈ తులసి కుటుంబం మనం అనుకునేంత చిన్నది కాదు. వినాయక చవితి పత్రిలో తులసి, మరువం, వావిలి మూడూ ఇందులోవే. టేకు చెట్టుని కూడా ఇప్పుడు ఇందులోనే కలిపారు. నేను చదువుకున్న రోజుల్లో టేకూ వావిలీ లాంటానా కుటుంబంలో ఉండేవి.

ఇక జిగురు సంగతి. తులసి జాతిదే అయిన సబ్జా గింజ ఉబ్బుతుంది, సీర్ణ తులసి గింజ కూడా అలాగే ఉబ్బుతుంది. మెక్సికో వైపు సీర్ణ తులసి గింజలు నానబెట్టి పానకంలా తాగుతారు. కాబట్టి ఆ పరీక్ష ఈ రెండిటినీ విడదీయలేదు. విడదీసేది పువ్వు కింద ఉండే ఆకుపచ్చ గిన్నె. తులసి జాతిలో పూలు కొమ్మ చివర కంకిలా, అంతస్తులుగా, అంతస్తుకి ఆరేసి వస్తాయి. గిన్నె పై రేకు వెడల్పుగా, గుండ్రంగా, గొడుగులా పైకి లేచి ఉంటుంది. కింద రెండు సన్నటి పళ్లు. సీర్ణ తులసికి పూలు ఆకు మొదట్లో గుత్తులుగా వస్తాయి. గిన్నె గొట్టంలా ఉండి, అంచున ముళ్లలాంటి కొనలు ఐదు నిలబడతాయి. ఎండాక వేలికి గుచ్చుకుంటాయి.

సీర్ణ తులసి పుట్టిల్లు అమెరికా ఖండం ఉష్ణప్రాంతాలు, మనకి వలస వచ్చింది. పుస్తకాల్లో హిప్టిస్ సువేయోలెన్స్ అని ఉండేది, ఇప్పుడు ఈ మొక్కని హిప్టిస్ నుంచి మీసోస్ఫీరమ్ అనే జాతిలోకి మార్చారు. సువేయోలెన్స్ అంటే సువాసన గలది అని. పేరు పెట్టినాయన ఎప్పుడూ పలాస జీడితోటలో కలుపు తియ్యలేదు కాబోలు.

కుర్రోడు బాబూ, ఆ ఐదు కొనలు ఉన్నాయా లేవా? భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడు.

సీతంపేట అప్ప:
నాదొక మాట. సంత తాత అబద్ధం చెప్పాడని ఎలా అనుకుంటున్నారు? నేను పదకొండేళ్లు కొండ మీద బడిలో పాఠాలు చెప్పాను. అక్కడి గుంటలు ఏ మొక్క ఎక్కడ మొలుస్తుందో, మేక దేన్ని తింటుందో నాకంటే బాగా చెప్పేవారు. రోజూ తొక్కే పోడు గట్టు మీది మొక్క ఏదో ఆ తాతకి తెలీదా? కుర్రోడు రాసింది "ఇలాంటి వాసనే వచ్చే కట్టలు" అని. సంతలోదీ కొండ కిందదీ ఒకటే మొక్క అని ఎవరు చూశారు? కుర్రోడు ముక్కుతో రెండిటినీ ఒకటి చేశాడు, మీరంతా ముసలాయన మీద తీర్పు చెప్పేస్తున్నారు. తమ్ముడూ, ఆ రోజు కట్ట కొన్నావా? ఉంటే విప్పి చూడు.

బోటనీ మాస్టారు:
అప్ప గారు పట్టుకున్నారు. ఈ మెలిక నాకు తట్టనే లేదు.

వనమూలిక:
పేరు ఏదైతేనేం మాస్టారూ, జలుబుకి కషాయం పెట్టుకోవచ్చా లేదా?

బోటనీ మాస్టారు:
పేరు తేలకుండా పొయ్యి మీద పెట్టొద్దు. పిల్లలకైతే అసలే వద్దు. ఇందులో మొహమాటం లేదు.

మందస కుర్రోడు:
కట్ట కొన్నాను. చూరుకి వేలాడుతూ ఎండిపోయి ఉంది, ఇప్పుడే దింపాను. అప్ప అన్నది నిజం, రెండూ వేర్వేరు మొక్కలు! కట్టలో ఆకు సన్నం, నూగు దాదాపు లేదు, పూలు కంకి మీద మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఒక మెట్టులో లెక్కపెడితే ఆరు గిన్నెలు. పైరేకు గుండ్రంగా గొడుగులా ఉంది. కొండ కింద కొమ్మకి మాత్రం పూలు ఆకు మొదట్లోనే, గిన్నెకి ఐదు ముళ్లు. ఎలా తెలిసిందంటే అమ్మ బొటనవేలికి గుచ్చుకుంది. వాసన పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తోంది గానీ, వారం తేడాతో చూస్తే ఎవరైనా మోసపోతారు. నేనైతే మోసపోయాను.

బోటనీ మాస్టారు:
అయితే కొమ్మ సీర్ణ తులసి, సందేహం లేదు. కట్ట తులసి జాతి అన్నంతవరకు ఖాయం. కుక్క తులసి కావచ్చనిపిస్తోంది. అయినా ఎండు కట్ట గురించి వినే మాట కదా, పచ్చి కొమ్మ పూలతో చూస్తే గానీ అది కుక్క తులసా, భూతులసా అన్నది చెప్పను. ఈసారి దొరికితే పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, రోజూ పేపరు మారుస్తూ ఆరబెట్టు. ఎక్కడ, ఏ రోజు కోశావో, పువ్వు రంగు ఏమిటో చీటీ మీద రాయి. ఎండితే రంగు పోతుంది.

పలాస జీడిరైతు:
మావయ్య గెలిచాడని నేను మొదటే చెప్పాను.

సీతంపేట అప్ప:
తాతా గెలిచాడు బాబూ. అది కూడా రాయండి.

వనమూలిక:
ఒప్పుకుంటున్నాను, సగమే. మా తాత సంచిలో గింజలు ఇంకా ఉన్నాయి. తులసి గింజలనే దాచుకున్నాను. రెండూ ఉబ్బుతాయన్నాక అవి ఏ మొక్కవో అని నాకు టెన్షన్ పట్టుకుంది. ఇన్నాళ్లూ ఎవరికి ఏమిచ్చాడో.

బోటనీ మాస్టారు:
నాలుగు గింజలు కుండీలో చల్లండి. అంత పాతవి మొలుస్తాయో లేదో గానీ, మొలిస్తే పూత దాకా ఆగండి. అప్పుడు మళ్లీ ఇక్కడే కొట్టుకుందాం.

మందస కుర్రోడు:
అమ్మ కొమ్మని కోటలోంచి తీసేసింది. పారేయలేదు, జీడిరైతు గారి మాట చదివి మావయ్య చేతే సాలలో పొగ వేయించింది. ఆయన దగ్గుతూ ఇందాకే బయటికొచ్చాడు. వచ్చే సంతలో తాత కనిపిస్తే పచ్చి కొమ్మ అడిగి తెస్తాను.